ఇంగ్లీషు పెద్ద మాటలు పట్టుబడాలంటే ఏ నిఘంటువు, ఏ పద్ధతి?

కిందటి ఏడాది డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి వ్యాసం దిద్దించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్ఈ పరీక్షకు సిద్ధమవుతోంది. మూడు వేల మాటలకు పైగా కంఠస్థం చేసింది. ఎక్కడ అడిగినా తడుముకోకుండా అర్థం చెబుతుంది. వ్యాసంలో ఒకచోట, ప్రభుత్వం నిత్యావసరాల ధరలను ‘అస్వేజ్’ చేయాలని రాసింది. నేను ఆ మాట కింద గీత గీశాను. ఆమె నొచ్చుకుని తన జాబితా తెరిచి చూపించింది. అందులో ఉన్నది నిజమే: అస్వేజ్ అంటే తగ్గించు, శమింపజేయు. ధరలు తగ్గించమనే కదా ఆమె రాసింది!

తప్పు ఆ పిల్లది కాదు, ఆమె చేతికి అందిన సాధనానిది. ఇంగ్లీషులో అస్వేజ్ చేసేది ఆకలిని, దాహాన్ని, దుఃఖాన్ని, తప్పు చేశానని లోపల కుమిలే బాధను. ధరల పక్కన ఆ మాట నిలవదు. ఈ సంగతి ‘తగ్గించు’ అనే ఒక్క ముక్కలో ఇమడదు. నాలుగు ఉదాహరణ వాక్యాలు చదివితే మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఆలోచిస్తే ఇది మనకు బాగా తెలిసిన విషయమే. తెలుగులో వాన వెలుస్తుంది. కోపం చల్లారుతుంది. దాహం తీరుతుంది. వరద తీస్తుంది. జ్వరం తగ్గుతుంది. అన్నింటి సారమూ తగ్గడమే. అయినా ‘కోపం వెలిసింది’ అని మనలో ఎవరూ అనరు, ‘వాన తీరింది’ అని అనరు. పరాయివాడెవరైనా పుస్తకం చూసి అలా అంటే మనకు అర్థమవుతుంది కానీ చెవికి గుచ్చుకుంటుంది. ఏ మాటకు ఏ మాటతో పొత్తు కుదురుతుందో మనం ఊహ తెలియకముందే ఇంట్లో విని నేర్చుకున్నాం. ఇంగ్లీషుకు ఆ వినికిడి మనలో చాలామందికి లేదు. ఆ లోటును ఉదాహరణ వాక్యాలతోనే పూడ్చుకోవాలి.

మన నిఘంటుకారులు దీనికి చక్కటి పేరు పెట్టారు: ప్రయోగం. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తిరగేస్తే, మాట పక్కన అర్థంతోపాటు ఫలానా కావ్యంలో ఫలానా చోట అది ఎలా వచ్చిందో కనిపిస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు కూడా నా కొలబద్ద అదే. ఏ పుస్తకమైనా, ఏ యాప్ అయినా, ఏ పద్ధతి అయినా ప్రయోగం చూపిస్తోందా లేదా అన్నదే మొదట చూస్తాను.

ముందు ఎక్కడ ఉన్నామో చూసుకోవడం

పెద్ద మాటల మీద పడే ముందు చిన్న మాటలు గట్టిగా ఉన్నాయా అని చూసుకోవాలి. 1953లో మైకేల్ వెస్ట్ అనే ఉపాధ్యాయుడు ఇంగ్లీషులో అందరికీ అవసరమయ్యే దాదాపు రెండు వేల మాటల జాబితా ప్రకటించాడు. ఆ తర్వాత 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు విశ్వవిద్యాలయ పాఠ్యగ్రంథాల్లో తరచూ వచ్చే 570 పదకుటుంబాలను ఏరి పెట్టింది. పదకుటుంబం అంటే ఒక మూలపదం, దాని నుంచి పుట్టిన రూపాలు అన్నీ కలిపి ఒకటి. నవలలు, వార్తాపత్రికలు ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో లెక్కగట్టాడు. అతని లెక్కలో అప్పుడు నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉంటాయి.

ఈ అంకెల నుంచి తేలే పని ఏమిటంటే, మొదటి మూడు వేల మాటలు తడబాటు లేకుండా రానివాళ్ళు అరుదైన మాటల పుస్తకం కొనకూడదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తమ మూడు వేల మాటల జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. ఎక్కడో ఒక పేజీ తీసి, ఒక్కొక్క మాటతో అప్పటికప్పుడు వాక్యం కట్టగలరేమో చూసుకోండి. అర్థం చెప్పగలిగితే చాలదు, వాక్యం కట్టగలగాలి. పదింట ఏడెనిమిది కుదిరితే ముందుకు వెళ్ళవచ్చు. కుదరకపోతే అక్కడే ఆరు నెలలు ఆగడం మేలు. ఆ ఆరు నెలలు వృథా కావు.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు

తెలుగు మాధ్యమంలో చదివిన వాళ్ళకు మొదటి తోడు ఇదే. దీన్ని చిన్నచూపు చూసే ఉపాధ్యాయులతో నేను ఏకీభవించను. సి.పి. బ్రౌను 1852లో అచ్చువేసిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు పేరులోనే ఇంగ్లీషు జాతీయాలను తెలుగులో వివరిస్తానని చెప్పుకున్నాడు. ఆ తర్వాత శంకరనారాయణ నిఘంటువు తరతరాలుగా మన ఇళ్ళలో అలమరలో ఉంది. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే పాత కొత్త నిఘంటువులు ఎన్నో ఒకేసారి తెరుచుకుంటాయి. వస్తువుల పేర్లకు, చెట్ల పేర్లకు, రోగాల పేర్లకు, చట్టంలో వచ్చే నామవాచకాలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. చింతచెట్టు అనే మాటకు ఇంగ్లీషులో నిర్వచనం చదువుతూ కూర్చోవడం దేనికి? తెలుగు పేరు చూస్తే క్షణంలో పని అయిపోతుంది.

చిక్కు వచ్చేది క్రియల దగ్గర, గుణాలు చెప్పే మాటల దగ్గర. అవర్ట్, అవాయిడ్, ప్రివెంట్ అనే మూడింటికీ తెలుగు అర్థాలు వెతకండి. తప్పించు, నివారించు, తొలగించు అని అవే అటూ ఇటూ మారి కనిపిస్తాయి. కానీ ఇంగ్లీషువాడు అవర్ట్ చేసేది మీదికి వచ్చిపడబోతున్న విపత్తును, యుద్ధాన్ని, సమ్మెను. లేదా చూపును పక్కకు తిప్పుకుంటాడు. అవాయిడ్ చేసేది మనిషిని, ప్రశ్నను, రద్దీగా ఉండే దారిని. ప్రివెంట్ చేసేది ఇంకా జరగని దాన్ని: వ్యాధిని, ప్రమాదాన్ని. ఈ తేడా తెలుగు అర్థంలో లేదు. అందుకే తెలుగు నిఘంటువును మాట ముఖపరిచయానికి వాడుకోండి. దాని మీద ఆధారపడి వాక్యం రాయకండి. ఫోనులో అనువాదం చేసే సదుపాయాలకూ ఇదే వర్తిస్తుంది. పైగా అక్కడ పాత నిఘంటువుల్లో ఉండే జాగ్రత్త కూడా ఉండదు.

నేర్చుకునేవారి కోసం రాసిన నిఘంటువులు

ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఇక్కడే. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళ కోసం రాసిన నిఘంటువులు వేరు, మనలాగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసినవి వేరు. రెండో రకాన్ని లెర్నర్స్ డిక్షనరీ అంటారు. దుకాణంలో పక్కపక్కనే పెడతారు కాబట్టి తేడా తెలియక మొదటి రకం కొని, అర్థం వెతికితే ఆ అర్థంలోనే మరో మూడు తెలియని మాటలు ఎదురై, విసిగి మూసేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

తెలిసిన కొద్ది మాటలతోనే తెలియని మాటలన్నింటినీ వివరించాలన్న ఆలోచన మన ఉపఖండంలో పని చేసిన మనిషిదే. పైన చెప్పిన మైకేల్ వెస్ట్ అప్పటి బెంగాల్‌లో, ఢాకాలో, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవాడు. పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలు చదవలేక పడుతున్న అవస్థ దగ్గరగా చూశాడు. 1935లో ఎండికాట్‌తో కలిసి అతను తెచ్చిన నిఘంటువులో నిర్వచనాలన్నీ 1,490 మాటల్లోనే రాశాడు. 1978లో లాంగ్‌మన్ సంస్థ తన పెద్ద నిఘంటువును సుమారు రెండు వేల మాటలతో నిర్వచించి ఆ దారిని స్థిరపరిచింది. ఢాకా బడి పిల్లల ఇబ్బంది ఈనాడు ప్రపంచమంతా వాడే నిఘంటువుల రూపు మార్చిందని తలుచుకుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు మన ముందున్నవి ముఖ్యంగా నాలుగు: ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్. నాలుగూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మ్యాక్‌మిలన్ కూడా మంచిదే ఉండేది. 2023లో ఆ వెబ్‌సైటు మూతపడింది. పాత సలహాల్లో ఇంకా దాని పేరు కనిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఆక్స్‌ఫర్డ్ అన్నింటికంటే పాతది. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. హార్న్‌బీ పట్టుదలంతా క్రియ వెనుక ఏమి వస్తుందన్న దాని మీద. ఆ గుణం ఇప్పటికీ ఉంది. ఒక క్రియ తర్వాత కర్మ వస్తుందా, ఏ విభక్తి లాంటి చిన్న మాట వస్తుందా, మరో క్రియ వస్తుందా అన్నది వాక్యానికి ముందే స్పష్టంగా చూపిస్తుంది. ఏ మాటను ఏ స్థాయిలో నేర్చుకోవాలో కూడా గుర్తు ఉంటుంది. వ్యాకరణం దగ్గర తరచూ తప్పులు పోయేవాళ్ళు దీన్ని ఎంచుకోవాలి.

లాంగ్‌మన్ బలం తోడు మాటల్లో ఉంది. తరచూ వాడే మాటలను ఎర్ర రంగులో అచ్చువేస్తారు. ముఖ్యమైన మాటల కింద ఒక పెట్టె గీసి, దాని పక్కన ఏ గుణం, ఏ క్రియ వస్తాయో వరుసగా ఇస్తారు. ఇంకో పెట్టెలో దగ్గరి అర్థం ఉన్న మాటల మధ్య తేడా చెబుతారు. వర్షం అన్న మాట చూస్తే, అది ‘హెవీ’ అవుతుంది కానీ ‘స్ట్రాంగ్’ కాదని ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. గాలి మాత్రం ‘స్ట్రాంగ్’ అవుతుంది. కొంచెం ముందుకు వెళ్ళినవాళ్ళు, వ్యాసాలు, ఉత్తరాలు రాయాల్సినవాళ్ళు ఒక్కటే వాడతామంటే నేను లాంగ్‌మన్ అనే చెబుతాను.

కేంబ్రిడ్జ్ గురించి ఎక్కువ చెప్పను. నిర్వచనాలు పొట్టిగా, తేటగా ఉంటాయి. మాటకు స్థాయి గుర్తు చివరి మెట్టు వరకూ ఇస్తుంది. ఫోనులో గబగబా చూసుకోవడానికి బాగుంటుంది.

కోబిల్డ్ దారి వేరు. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయర్ నాయకత్వంలో వచ్చింది. నిఘంటువు రాసేవాళ్ళు తమ బుర్రలోంచి వాక్యాలు కల్పించకూడదని, జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును కంప్యూటర్లలో పోగుచేసి అందులోంచే ఏరాలని ఆయన పట్టుబట్టాడు. నిర్వచనాన్ని కూడా పూర్తి వాక్యంగా రాయించాడు. ‘మీరు ఏదైనా చెడు జరగబోతుంటే దాన్ని అవర్ట్ చేశారంటే, అది జరగకుండా ఆపారన్నమాట’ అనే తరహాలో ఉంటుంది. గమనించండి, నిర్వచనంలోనే ‘చెడు’ అన్న మాట వచ్చేసింది. దేనితో వాడాలో అర్థంతోపాటే తెలిసిపోయింది. మన పెద్దవాళ్ళు పిల్లలకు మాట అర్థం చెప్పే తీరు ఇదే. ‘అలగడం అంటే, నీకు అడిగింది ఇవ్వకపోతే మాట్లాడకుండా కూర్చుంటావే, అదీ’ అని చెబుతారు కానీ ‘కోపమును ప్రదర్శించుట’ అని చెప్పరు.

ఇలా నిజమైన వాక్యాలను వందలకొద్దీ ఒకచోట పెట్టినప్పుడు బయటపడ్డ ఒక సంగతి చెప్పాలి. ‘సెట్ ఇన్’ అనే జంట మాటకు పాత నిఘంటువుల్లో ‘మొదలై స్థిరపడు’ అన్న అర్థం ఉండేది. సింక్లెయర్ వాక్యాలన్నీ పరిచి చూస్తే, అలా మొదలయ్యేవి దాదాపు అన్నీ అక్కరలేనివే: కుళ్ళు, నిరాశ, ఇన్ఫెక్షన్, గడ్డుచలి. మాటకు అర్థంతోపాటు ఒక రంగు కూడా ఉంటుందని అప్పుడు తేటతెల్లమైంది. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో మాత్రం జూన్‌లో ఇదే జంట మాట రుతుపవనాలకు వాడతారు. అది మనకు శుభవార్త! చలికి వణికే దేశంలో రంగు ఒకటి, వాన కోసం ఆకాశం చూసే దేశంలో రంగు ఇంకొకటి. రెండూ తెలుసుకోవాలి. అయితే ‘సంతోషం సెట్ ఇన్ అయింది’ అని మాత్రం ఎక్కడా రాయకూడదు.

కోబిల్డ్‌లో ఒక ఇబ్బంది ఉంది. నిజమైన వాక్యాలు కావడం వల్ల కొన్నిసార్లు మనకు తెలియని మనుషులు, ఊళ్ళు, ఆటలు వచ్చి పడతాయి, ముందు వెనుకలు లేక వాక్యం తలాతోకా అందదు. మొదటి మెట్టులో ఉన్నవాళ్ళు తడబడతారు. అందుకని నా సలహా, ముందు లాంగ్‌మన్‌లోనో ఆక్స్‌ఫర్డ్‌లోనో అర్థం, తోడు మాటలు చూసుకుని, ఆ మాట రంగు తెలియాలనుకున్నప్పుడు కోబిల్డ్ తెరవండి. ఒక మాటను రెండుచోట్ల చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు చాలాకాలం పనికొస్తాయి.

మెరియమ్ వెబ్‌స్టర్ సంగతి వేరుగా చెప్పాలి. నోవా వెబ్‌స్టర్ 1828లో తెచ్చిన అమెరికా నిఘంటువుకు ఇది వారసురాలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో పిల్లల బడి అవసరానికి ఇదే ఉంటుంది. మాట పుట్టుక, చరిత్ర కూడా చెబుతుంది. అయితే ఇది పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కోసం రాసింది. పైగా అర్థాలను అవి పుట్టిన క్రమంలో, అంటే పాతది ముందు వచ్చేలా పెట్టే ఆచారం దీనిది. మొదట కనిపించిందే ముఖ్యమైన అర్థమనుకుని రాసుకుంటే దెబ్బతింటాం. లెర్నర్స్ డిక్షనరీల్లో మాత్రం ఎక్కువగా వాడే అర్థం ముందు ఉంటుంది. వెబ్‌స్టర్ వాళ్ళకు కూడా నేర్చుకునేవారి కోసం విడిగా ఒకటి ఉంది, 2008 నుంచి. అమెరికా వెళ్ళేవాళ్ళు అది తీసుకోవడం మంచిది.

జాబితాలు, మూలాలు

కోచింగ్ సెంటర్లు ఇచ్చే మాటల జాబితాలను పూర్తిగా కొట్టిపారేయలేను. కంఠస్థం చేయడం మన చదువుల్లో తరతరాలుగా ఉన్నదే. పాతకాలపు విద్యార్థి అమరకోశం వల్లించాడు. అందులో వాక్యాలు లేవు, పర్యాయపదాలు శ్లోకాల్లో గుదిగుచ్చి ఉంటాయి. కానీ ఆ విద్యార్థి అక్కడితో ఆగలేదు. వెంటనే రఘువంశం పట్టుకునేవాడు. నిన్న వల్లించిన మాట ఇవాళ కాళిదాసు శ్లోకంలో ఎదురయ్యేది. ఇప్పటి జాబితాల లోపం కంఠస్థంలో లేదు. రఘువంశం లేకపోవడంలో ఉంది.

పరీక్షల వైపు నుంచి చూసినా లెక్క మారింది. జీఆర్ఈలో వ్యతిరేకపదాలు, పోలికపదాలు అడిగే ప్రశ్నలను 2011లోనే తీసేశారు. ఇప్పుడు ఒక వాక్యంలో ఖాళీ ఇచ్చి ఆరు మాటలు ఇస్తారు. వాటిలో ఖాళీలో ఇమిడి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచుకోవాలి. అర్థం దగ్గరగా ఉండి ఆ వాక్యంలో ఇమడని మాటలను కూడా అందులో ఉంచుతారు. విదేశాలకు వెళ్ళేవాళ్ళ ఇంగ్లీషును కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రాతకు, మాటకు ఇచ్చే మార్కుల్లో నాలుగో వంతు పదాల వాడుకకే. అక్కడ కూడా అరుదైన మాట వాడినందుకు మాత్రమే మార్కులు రావు, అది పక్క మాటతో కుదిరిందా అని చూస్తారు. బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షల్లో పర్యాయపదాలు, ఒక్క మాటలో చెప్పడం వంటివి ఇంకా అడుగుతారు కాబట్టి ఆ పరీక్షల వరకు జాబితా ఉపయోగమే. కానీ ప్రతి మాట పక్కన కనీసం ఒక వాక్యం ఉన్న జాబితానే తీసుకోండి. లేకపోతే మీరే రాసుకోండి.

లాటిన్, గ్రీకు మూలాలతో నేర్పే పుస్తకాలు ఇంకో రకం. ‘బెనె’ అంటే మంచి, ‘మాల్’ అంటే చెడు అని తెలిస్తే బెనెవొలెంట్, మాలెవొలెంట్ రెండూ ఒకే దెబ్బకు వస్తాయి. సంస్కృత ఉపసర్గలు తెలిసిన మనకు ఈ పద్ధతి రుచిస్తుంది: ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అని చదువుకున్నవాళ్ళం కదా. గుర్తు పెట్టుకోవడానికి మూలాలు బాగా ఉపకరిస్తాయి. అర్థం నిర్ణయించడానికి మాత్రం వాటిని నమ్మకూడదు. ‘ఎగ్రీజియస్’ అనే మాటకు లాటిన్‌లో మందలోంచి విడిగా నిలిచినది అని అర్థం. ఒకప్పుడు ఇంగ్లీషులో అది మెచ్చుకోలు. ఇప్పుడు ఘోరమైన తప్పుకు, కంటికి కొట్టొచ్చే అన్యాయానికి వాడతారు. మనకు ‘శిక్ష’ లేదూ? సంస్కృతంలో అది విద్య, హిందీలో ఈనాటికీ విద్యే. తెలుగులో నేరం చేసినవాడికి వేసేది. మూలం చూసి పరాయివాడు మన పిల్లవాడికి మంచి శిక్ష పడాలని దీవిస్తే ఎలా ఉంటుంది!

కార్డులు, నోటు పుస్తకం

చదివిన మాట నిలవాలంటే మళ్ళీ మళ్ళీ ఎదురుపడాలి, ఆ ఎదురుపడటానికి మధ్య ఎడం పెరుగుతూ పోవాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని అట్టపెట్టెలతో చేసి చూపించాడు. గుర్తున్న కార్డు వెనుక పెట్టెలోకి వెళ్ళి ఆలస్యంగా వస్తుంది, మరిచిన కార్డు మొదటి పెట్టెలోకి వచ్చేస్తుంది. 2006లో వచ్చిన ఆంకీ అనే యాప్ ఈ పనిని తానే లెక్క చూసుకుని చేస్తుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోనులో డబ్బు కట్టాలి. అందులో ఎవరో తయారుచేసి పెట్టిన వేల కార్డులు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్ళకండి. కార్డు రాయడంలోనే సగం చదువు ఉంది.

కార్డు ఎలా రాస్తామన్నది కూడా ముఖ్యం. ఒకవైపు మాట, ఇంకోవైపు అర్థం రాస్తే మళ్ళీ ఆ అమ్మాయి జాబితానే అవుతుంది. ముందువైపు నిఘంటువులోని ఉదాహరణ వాక్యం రాసి, మాట ఉన్నచోట ఖాళీ వదలండి. వెనుక ఆ మాట, దాని తోడు మాటలు రెండు మూడు, చివర మీ సొంత జీవితం నుంచి ఒక వాక్యం. తెలుగు అర్థం రాయాలనిపిస్తే ఒక్క మాట కాకుండా జాతీయం రాయండి. ‘అబేట్’ పక్కన తగ్గు అని రాసే బదులు ‘గాలివాన తగ్గుముఖం పట్టింది’ అని రాస్తే, ఆ మాట తనంతట తాను తగ్గేవాటికి వస్తుందని తెలుగే చెబుతుంది. ‘అలే’ పక్కన ‘భయం పోగొట్టు’, ‘కర్టెయిల్’ పక్కన ‘ఖర్చుకు కత్తెర వేయు’, ‘మిటిగేట్’ పక్కన ‘దెబ్బ తీవ్రత తగ్గేలా చూడు’. మన జాతీయాలు ఇంత పదునైనవి ఉండగా పొడి అర్థాలు ఎందుకు?

ఫోను వద్దనుకుంటే ఇంతా రెండు వందల పేజీల నోటు పుస్తకంలోనూ చేయవచ్చు. నేను ఇప్పటికీ నోటు పుస్తకమే వాడతాను. రోజుకు ఐదు మాటలకు మించి వద్దు. ఏడాదిలో మూడు వందల రోజులు చేసినా పదిహేను వందల మాటలు, అవీ వాడటం వచ్చిన మాటలు.

ఆ మాటలు ఎక్కడి నుంచి తేవాలి? చదువుతున్న వాటి నుంచే. రోజూ ఇంగ్లీషు పత్రికలో సంపాదకీయం ఒకటి చదివి, రెండుసార్లకు మించి ఎదురైన తెలియని మాటను మాత్రమే పుస్తకంలోకి ఎక్కించండి. ఒక్కసారే కనబడిన మాట వెంట పడకండి, అవసరమైనదైతే అదే మళ్ళీ వస్తుంది.

ఈ మధ్య పిల్లలు కృత్రిమ మేధను అడిగి ఉదాహరణ వాక్యాలు రాయించుకుంటున్నారు. నేను వద్దనను, కానీ వరుస మార్చమంటాను. ముందు నిఘంటువులో నిజమైన వాక్యాలు చదవాలి, తర్వాత సొంతంగా వాక్యం రాయాలి, ఆ తర్వాతే అది సహజంగా ఉందా అని యంత్రాన్ని అడగాలి. వాక్యం కూడా యంత్రమే రాసిపెడితే కష్టపడింది అది, మనం కాదు.

ఎవరికి ఏది అంటే

డిగ్రీలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు ఆక్స్‌ఫర్డ్ ఒకటి, నోటు పుస్తకం ఒకటి పెట్టుకుంటే చాలు. పరీక్ష జాబితాను దాని మీద పైపూతగా వాడుకోండి. విదేశీ చదువులకు వెళ్ళేవాళ్ళకు లాంగ్‌మన్, 570 కుటుంబాల జాబితా, ఆంకీ. ఉద్యోగంలో రోజూ ఇంగ్లీషు రాసేవాళ్ళకు లాంగ్‌మన్, కోబిల్డ్ రెండూ. వాళ్ళకు కొత్త మాటల కంటే తెలిసిన మాటల రంగు తెలియడం ఎక్కువ అవసరం. తెలుగు మాధ్యమం నుంచి ఇప్పుడే ఇంగ్లీషులోకి అడుగుపెట్టినవాళ్ళు ఆంధ్రభారతి పక్కన కేంబ్రిడ్జ్ తెరిచి రెండింటినీ కలిపి చూడండి. పిల్లలకు కొనేటప్పుడు అచ్చు పుస్తకమే కొనండి. ఫోనులో వెతికిన మాట ఒక్కటే కనబడుతుంది, పుస్తకంలో దాని పైనా కిందా ఉన్న నాలుగు మాటలు కూడా కంట పడతాయి.

ఆ అమ్మాయి తర్వాత రెండు నెలలు వచ్చింది. జాబితాలోంచి ‘తగ్గించు’ అన్న అర్థం ఉన్న మాటలన్నీ ఏరి, ఒక్కొక్కదానికి లాంగ్‌మన్‌లో వాక్యాలు వెతికి కార్డులు రాసింది. అస్వేజ్ కార్డు వెనుక తన సొంత వాక్యం ఇది: వారమంతా అమ్మకు ఫోను చేయలేదన్న బాధను అస్వేజ్ చేసుకోవడానికి ఆదివారం రెండు గంటలు మాట్లాడాను. పాత వ్యాసం కూడా తెచ్చి, ధరల దగ్గర నేను గీత గీసిన చోట ‘కర్బ్’ (అదుపులో పెట్టు) అని రాసి చూపించింది.